చిన్న హోటలు, చిన్న లాడ్జి: తిరుపతిలో పర్యావరణానికి మేలు చేసే మార్పుల్లో ఏది ముందు, ఏది తర్వాత

తిరుపతిలో టిఫిన్ సెంటరో, భోజనాల మెస్సో, ఇరవై గదుల లాడ్జో నడిపేవారు తమ వ్యాపారం వల్ల పర్యావరణానికి జరిగే హాని తగ్గించాలనుకున్నప్పుడు సాధారణంగా ముందు పార్సిల్ కవర్ల మీద పడతారు. కాస్త డబ్బు చేతిలో ఉన్నవారైతే మేడమీద సోలార్ ప్యానెళ్లకు కొటేషన్ అడుగుతారు. రెండూ మంచి పనులే. అయితే ఏ మార్పు ఏ హానిని తగ్గిస్తుందో, మన దుకాణంలో ఆ హాని నిజంగా ఎంత ఉందో చూసుకోకుండా ఖర్చు పెడితే, కంటికి కనిపించేది బాగుపడి, కనిపించనిది అలాగే మిగిలిపోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. రోజుకొక 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఖాళీ చేసే హోటల్‌ను తీసుకోండి. ఒక కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక ఆ ఒక్క సిలిండర్ వల్లనే రోజుకు 57 కిలోలు గాలిలో కలుస్తాయి. అదే హోటల్ రోజుకు 200 పార్సిళ్లు కట్టి, ఒక్కోదానికి 15 గ్రాముల ప్లాస్టిక్ వాడిందనుకుంటే మొత్తం 3 కిలోల ప్లాస్టిక్ అవుతుంది. దాన్ని తయారు చేయడంలో వెలువడే కార్బన్ ఆరేడు కిలోలకు మించదు. అంటే వాతావరణం లెక్కన చూస్తే పొయ్యి ముందు పార్సిల్ చాలా చిన్నది. కానీ పొయ్యి నుంచి వెళ్లినది గాలిలో కలిసిపోతే, ఆ 3 కిలోల కవర్లు మాత్రం ఊళ్లోనే ఉండి కాలువలకు అడ్డం పడతాయి, సాంబారు వాసనకు వచ్చిన ఆవుల కడుపులోకి చేరతాయి. ఈ రెండు హానులను ఒకే తక్కెడలో తూచకూడదు. పార్సిల్ విషయంలో నిర్ణయం ఊరి కోసం తీసుకోవాలి, పొయ్యి విషయంలో నిర్ణయం వాతావరణం కోసమూ గల్లా పెట్టె కోసమూ తీసుకోవాలి.

కాబట్టి ఏదైనా కొనే ముందు రెండు పనులు చేయడం మంచిది. వారం రోజులపాటు తడి చెత్త, పొడి చెత్త వేర్వేరు డబ్బాల్లో వేయించి రాత్రి కట్టే ముందు తూకం వేయించాలి. గత ఏడాది కరెంటు బిల్లులు, సిలిండర్ బిల్లులు నెలవారీగా ఒక కాగితం మీద రాసుకోవాలి. కింద చెప్పబోయే పోలికలన్నీ ఆ కాగితం పక్కన పెట్టుకొని చదివితేనే ఉపయోగపడతాయి.

పార్సిల్: కొనేవారు ఎవరన్నది ముందు చూడాలి

ఒక మామూలు ఇడ్లీ పార్సిల్‌ను విప్పి చూడండి. పైన క్యారీ బ్యాగు, దాని లోపల పాత దినపత్రిక, దినపత్రిక లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం, పక్కన శనక్కాయల చట్నీకి ఒక కవరు, కారం చట్నీకి ఒకటి, సాంబారుకు ఇంకొకటి, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు. నాలుగు ఇడ్లీల కోసం ఇన్ని వస్తువులు పది నిమిషాల్లో చెత్తకుప్పకు చేరుతున్నాయి. ఇందులో దినపత్రికను పర్యావరణం పేరు చెప్పి సమర్థించడానికి వీల్లేదు, ఎందుకంటే ఆహార ప్యాకింగ్ నిబంధనలు 2018 లోనే అచ్చు సిరా ఉన్న దినపత్రికల్లో తినే వస్తువులు కట్టడాన్ని నిషేధించాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. క్యారీ బ్యాగుల మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కనుక ఈ ఎంపికలో కొంత భాగం చట్టమే చేసిపెట్టింది, మనకు మిగిలింది ప్రత్యామ్నాయాల మధ్య ఎంపిక మాత్రమే.

తిరుపతిలో ఈ ఎంపికను మలుపు తిప్పే విషయం ఒకటుంది. ఇక్కడ పార్సిల్ తీసుకునేవారు రెండు రకాలు. రోజూ వచ్చే ఊరివారు, అంటే హాస్టల్ పిల్లలు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రోగుల వెంట ఉండేవారు, గాంధీ రోడ్డు దుకాణాల్లో పనిచేసేవారు ఒక రకం. బస్సు దిగి కొండకు వెళ్తూనో, దర్శనం చేసుకొని రైలెక్కుతూనో తీసుకెళ్లే యాత్రికులు రెండో రకం. మొదటివారి దగ్గర డబ్బా తిరిగి తీసుకోవచ్చు, రెండోవారు మళ్లీ మన గుమ్మం తొక్కేది వచ్చే ఏడాదే. ఈ ఇద్దరికీ ఒకే ప్యాకింగ్ వెతకడం వల్లనే చాలామంది ఖర్చుకు భయపడి పాత కవర్లకే తిరిగి వస్తున్నారు.

ఊరివారి విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: స్టీలు క్యారియర్‌ను మించినది లేదు. గిన్నె తెచ్చుకున్నవారికి ఐదు రూపాయలు తగ్గిస్తామని గల్లా దగ్గర ఒక బోర్డు పెడితే, ఆ తగ్గింపులో పెద్ద భాగం మిగిలిన కవర్ల ఖర్చులోనే వచ్చేస్తుంది. నెలవారీ భోజనం కట్టించుకునేవారికి మన డబ్బాలే ఇచ్చి డిపాజిట్ తీసుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డబ్బా కొన్న ధర కంటే డిపాజిట్ తక్కువ పెడితే ఆ డబ్బా వారి ఇంట్లో పప్పుల డబ్బా అయిపోతుంది. డబ్బా మీద దుకాణం పేరు, నంబరు చెక్కించి, పుస్తకంలో రాసుకుంటే లెక్క తప్పదు. డబ్బాలు కడగడానికి అదనంగా పట్టే మనిషి పనిని కూడా ఖర్చులో కలుపుకోవాలి. మొదట్లో అందరూ మరచిపోయే ఖర్చు అదే.

యాత్రికులకు ఆకుదే మొదటి స్థానం. మనకు దగ్గరలోనే రైల్వే కోడూరు వైపు అరటి తోటలు విస్తారంగా ఉన్నాయి కనుక అరటాకు పెద్ద దూరం ప్రయాణించకుండా వస్తుంది, పారేసిన చోట వారాల్లో మట్టిలో కలుస్తుంది, ఆవు తిన్నా దానికి మేతే. దాని లోపాలూ ఉన్నాయి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో ధర పెరుగుతుంది, ఎండాకాలం మధ్యాహ్నానికి వాడిపోయి మడత దగ్గర చిట్లుతుంది. మంట మీద ఒకసారి చూపించి కట్టే పాత పద్ధతి ఈ చిట్లడాన్ని చాలావరకు ఆపుతుంది. తూర్పు కనుమల ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు నిల్వ ఉంటాయి కనుక అరటాకు దొరకని రోజులకు వాటిని తెచ్చి పెట్టుకోవచ్చు. వక్కపట్ట ప్లేట్లు గట్టిగా, చూడడానికి అందంగా ఉంటాయి, పులుసు పోసినా నిలుస్తాయి. అయితే అవి ఎక్కువగా కర్ణాటక నుంచి లారీల్లో రావాలి, పేపర్ ప్లేటు కంటే ధర బాగా ఎక్కువ. నా అభిప్రాయంలో వాటిని రోజువారీ ఇడ్లీ పార్సిల్‌కు కాక క్యాటరింగ్ ఆర్డర్లకు ఉంచుకోవడం మంచిది. చెరకు పిప్పితో చేసిన మూత పెట్టెలు ఆకుకూ వక్కపట్ట ప్లేటుకూ మధ్యలో ఉంటాయి, పులిహోర, పొంగలి వంటివాటికి బాగా సరిపోతాయి.

అసలు చిక్కు పలుచటి పదార్థాలతో వస్తుంది. సాంబారును ఆకులో కట్టలేం, దొన్నెలో పోసి బస్సెక్కించలేం. ఇక్కడ వస్తువును మార్చడం కంటే వంటకాన్ని మార్చడమే తేలిక. ప్రయాణంలో తినేవారికి ఇడ్లీతో పాటు నువ్వుల నూనె కలిపిన కారప్పొడి, గట్టిగా రుబ్బిన చట్నీ ఇస్తే రెండూ ఆకు మడతలో ఇమిడిపోతాయి. పులిహోర, దద్దోజనం ఎలాగూ ఆకులో కట్టడానికే పుట్టినట్టు ఉంటాయి. సాంబారు తప్పనిసరిగా కావాలన్నవారికి మాత్రమే కవరులో పోయాలి. "సాంబారు కావాలా?" అని కౌంటరులో అడగడం ఒక్కటే ఎన్నో కవర్లను తగ్గిస్తుంది. అడగకుండా కట్టి ఇచ్చిన సాంబారులో చాలా భాగం విప్పకుండానే చెత్తబుట్టకు వెళ్తోంది.

కంపోస్టయ్యే కవర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు చెప్పే మాటలు ఎక్కువ వినిపించేది ఇక్కడే. మొక్కజొన్న పిండితో తయారయ్యే ఇలాంటి సంచులను రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించగా, తిరుమలలో లడ్డూలు పెట్టి ఇవ్వడానికి 2021 ఆగస్టులో ప్రవేశపెట్టారు. అంటే ఇవి పనికిరానివి కావు. అయితే వీటికి వర్తించే ఐఎస్ 17088 ప్రమాణంలో పరీక్ష జరిగేది సుమారు 58 డిగ్రీల వేడి ఉన్న పెద్ద కంపోస్టు వాతావరణంలో. అదే కవరు మురుగుకాలువలో పడితే అంత వేడి దొరకదు కనుక చాలాకాలం మామూలు కవరులాగే కాలువకు అడ్డం పడుతుంది. కొనేటప్పుడు కవరు మీద "కంపోస్టబుల్" అన్న ముద్ర, ఆ ప్రమాణం నంబరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నాయో లేదో చూడాలి. ఒట్టి "ఎకో ఫ్రెండ్లీ", "బయో డిగ్రేడబుల్" అన్న ఆకుపచ్చ అక్షరాలకు అదనపు డబ్బు ఇవ్వనవసరం లేదు. నా వరుస ఇది: ముందు గిన్నె, తర్వాత ఆకు, తప్పని పలుచటి పదార్థాలకు మాత్రమే ధ్రువీకరించిన కంపోస్టు కవరు.

పేపర్ కప్పును చాలామంది కాగితమే కదా అనుకుంటారు. లోపల సన్నని ప్లాస్టిక్ పూత లేకపోతే టీ కారిపోతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచి చూసినప్పుడు సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో చేరాయి. కూర్చొని లేదా నిలబడి తాగేవారికి గాజు గ్లాసును మించిన ప్రత్యామ్నాయం వెతకవలసిన పనే లేదు.

దుకాణం లోపల తినేవారి విషయంలో పోటీ స్టీలు పళ్లెం మీద పరిచే ప్లాస్టిక్ షీటుకూ, అదే పళ్లెం మీద గుండ్రంగా కోసి వేసే అరటాకు ముక్కకూ మధ్యనే. కడిగే నీళ్లు మిగులుతాయన్న వాదన రెండింటికీ సమానంగా వర్తిస్తుంది కనుక షీటుకు ప్రత్యేకమైన సమర్థన ఏదీ మిగలదు. పైగా వేడి దోసె కింద ప్లాస్టిక్ పెట్టడం ఆరోగ్యానికీ మంచిది కాదు. ఇడ్లీ పాత్రలో గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు వేసి ఉడికించే అలవాటును కర్ణాటక ప్రభుత్వం 2025 లో నిషేధించింది. పొరుగు రాష్ట్రంలో ఆపిన పనిని ఇక్కడ కొనసాగించడంలో అర్థం లేదు. గుడ్డ ఉతకాలి, ఆరేయాలి, అంతే.

పొయ్యి: ఇండక్షన్ వెంటనే మేలనుకోకూడదు

గ్యాసు, కట్టెలు, ఇండక్షన్ ఈ మూడింటిలో ఏది మేలని అడిగితే ఇప్పుడు చాలామంది ఆలోచించకుండా ఇండక్షన్ అంటారు. లెక్క వేస్తే సమాధానం వేరుగా వస్తుంది. 19 కిలోల సిలిండరులో ఉన్న వేడిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే సుమారు 240 యూనిట్లు. పెద్ద పొయ్యి మీద అందులో దాదాపు సగమే గిన్నెకు చేరుతుంది, మిగతాది వంట మాస్టరు ముఖానికి తగులుతుంది. అంటే గిన్నెకు చేరేది 120 యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి తాను తీసుకున్న కరెంటులో 85 శాతం దాకా గిన్నెకు చేర్చగలదు కనుక అదే వంటకు 140 యూనిట్లు చాలు. ఇంతవరకు ఇండక్షన్‌దే పైచేయి. అయితే మన దేశపు గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గు కరెంటే ఎక్కువ. ఒక యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఆ 140 యూనిట్ల వెనుక దాదాపు 100 కిలోలు ఉన్నట్టు. గ్యాసుతో 57 కిలోలే కదా. సొంత సోలార్ కరెంటు లేకుండా ఇండక్షన్‌కు మారితే వంటిల్లు చల్లబడుతుంది, మాస్టరుకు సుఖం, గ్యాసు లీకు భయం ఉండదు, కానీ వాతావరణానికి ఇప్పటికిప్పుడు మేలు జరగదు.

డబ్బు లెక్క కూడా ఇదే పద్ధతిలో మీరే వేసుకోవచ్చు. మీ కరెంటు బిల్లులో చివరి స్లాబు యూనిట్ ధరను 140 తో గుణించి, ఈరోజు మీరు కొంటున్న సిలిండర్ ధరతో పోల్చండి. ఏది తక్కువో తెలుస్తుంది. అయితే కనెక్షన్ లోడు పెంచుకోవడానికీ, త్రీ ఫేజ్ వైరింగుకూ, ఇండక్షన్‌కు పనికివచ్చే అడుగున్న పెద్ద గిన్నెలకూ అయ్యే ఖర్చు వేరు. వేళలను కూడా గమనించాలి. మన టిఫిన్ సెంటర్లలో పొయ్యి వెలిగేది తెల్లవారుజామున నాలుగింటికి, ఇడ్లీల మొదటి వాయి దిగేసరికి ఇంకా చీకటి వదలదు, టిఫిన్ ముగిసేది పదింటికి. ప్యానెళ్లు బాగా పనిచేసేది పది నుంచి రెండు వరకు. కనుక సోలార్‌తో కూడిన ఇండక్షన్ అనే జోడీ టిఫిన్ సెంటరు కంటే మధ్యాహ్న భోజనం వండే మెస్సుకు చాలా బాగా అమరుతుంది. నెట్ మీటరింగ్ ఉంటే పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లు బిల్లులో సర్దుబాటు అవుతాయి కాబట్టి టిఫిన్ సెంటరుకూ డబ్బు కలిసి వస్తుంది. తెల్లవారుజామున వాడేది మాత్రం గ్రిడ్ కరెంటేనని గుర్తుంచుకోవాలి.

కట్టెల పొయ్యికి కొందరు "చెట్టు మళ్లీ పెరుగుతుంది కదా" అంటారు. నరికినచోట మళ్లీ పెంచితే ఆ మాట నిజమే. కానీ తెరిచిన కట్టెల పొయ్యిలో వేడిలో ఎక్కువ భాగం వృథా, పొగ మాత్రం పొయ్యి దగ్గర నిలబడినవారి ఊపిరితిత్తుల్లోకి. ఇరుకు సందుల్లో ఉన్న హోటళ్లకు నేను దీన్ని సూచించను. ఊరి బయట, ఎత్తైన పొగగొట్టం పెట్టుకోగల పెద్ద వంటశాలలు మన జిల్లాల్లో పుష్కలంగా దొరికే వేరుశనగ పొట్టు దిమ్మలను ఇంధనంగా ఆలోచించవచ్చు.

ఈ మూడింటి మధ్య తేల్చుకోవడం కంటే ముందు, ఉన్న గ్యాసునే తక్కువగా కాల్చడం చాలా చౌక. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే, గిన్నె అడుగు మసిబారుతుంటే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయించాలి. గిన్నెలకు సరిపోయే మూతలు కొనాలి. బియ్యం, పప్పు ముందుగా నానబెట్టి పెద్ద ప్రెషర్ కుక్కర్లలో వండాలి. పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ పరీక్షల్లో మామూలు గిన్నెతో పోలిస్తే కుక్కరులో అన్నానికి 20 శాతం, నానబెట్టిన పప్పుకు 46 శాతం ఇంధనం ఆదా అయింది. వీటికి అయ్యే ఖర్చు కొన్ని వేల రూపాయలు. అవి ఎన్ని సిలిండర్లలో తిరిగి వస్తాయో ముందు చెప్పిన కాగితం మీద మీరే చూస్తారు.

తిరుమల అన్నప్రసాద వంటశాలకు 2002 లో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే 106 అద్దాల డిష్‌లను అమర్చారని తెలిసినవారు "మనమూ పెడదామా?" అని అడుగుతుంటారు. వేలమందికి ఒకేచోట వండే వంటశాలకు, అంత మేడ స్థలం ఉన్నచోటికి తగిన ఏర్పాటు అది. ముప్పై కుర్చీల హోటలుకు అది కుదరదు.

కరెంటు, వేడినీళ్లు: హోటలుకు ఒకటి, లాడ్జికి మరొకటి

సోలార్ ప్యానెళ్ల విషయంలో మొదట తీర్చుకోవలసిన అపోహ సబ్సిడీ గురించి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇచ్చే 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇళ్లకు మాత్రమే. కమర్షియల్ మీటరు ఉన్న హోటలుకు, లాడ్జికి అది రాదు. వ్యాపారికి దొరికేది వేరొకటి: ఆదాయపు పన్ను లెక్కల్లో సోలార్ పరికరాల మీద ఏడాదికి 40 శాతం తరుగుదల, అంటే వాడకంతో విలువ తగ్గినట్టు, ఖర్చుగా చూపించుకోవచ్చు. పన్ను కట్టేవారికి ఇది చిన్న విషయం కాదు, ఆడిటరును అడగండి. ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడపడని మేడ కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెట్ మీటరింగ్ దరఖాస్తులు చూసే కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కనుక ఆ విషయంలో మనం అదృష్టవంతులమే. పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకున్నవారు మాత్రం ప్యానెళ్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది. యజమానికి ఆసక్తి ఉంటే ఆయన పెట్టుబడితో పెట్టించి, అద్దెలో సర్దుకునే మాట రాతపూర్వకంగా చేసుకోవచ్చు.

అద్దెకున్నవారు ఫ్యాన్లు మార్చాలి. ఈ మాట వినడానికి చప్పగా ఉన్నా లెక్క బలంగా ఉంది. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. ఆరు ఫ్యాన్లు రోజుకు 14 గంటలు తిరిగే హోటలులో ఈ తేడా రోజుకు 3.8 యూనిట్లు, అంటే ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఇచ్చే కరెంటుకు దాదాపు సమానం. ఆ ఆరు ఫ్యాన్ల ఖర్చు ఒక కిలోవాట్ ప్యానెళ్ల ఖర్చులో సగానికి రాదు, దుకాణం మారితే విప్పి తీసుకెళ్లవచ్చు కూడా. ఫ్రిజ్ తలుపుల రబ్బరు గాస్కెట్ చిరిగి ఉంటే దాన్ని మార్చడం, ఫ్రిజ్‌ను పొయ్యి పక్కనుంచి జరపడం ఇంకా చౌక.

లాడ్జి సంగతి పూర్తిగా వేరు. అక్కడ కరెంటును మింగేది గీజరు. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 4 యూనిట్లు కావాలి. రోజుకు 1,000 లీటర్ల వేడినీళ్లు అవసరమైన లాడ్జికి 40 యూనిట్లు. ఈ 40 యూనిట్లను ప్యానెళ్లతో తీయాలంటే 10 కిలోవాట్లు, వెయ్యి చదరపు అడుగుల మేడ కావాలి. అదే వెయ్యి లీటర్లను నేరుగా వేడి చేసే సోలార్ వాటర్ హీటరుకు సుమారు 20 చదరపు మీటర్ల పలకలు, అంటే రెండు వందల పైచిలుకు చదరపు అడుగులు చాలు. కాబట్టి లాడ్జికి ముందు హీటరు, మేడ మీద ఇంకా చోటు మిగిలితే ప్యానెళ్లు. తిరుపతి లాడ్జిల్లో వేడినీళ్లకు గిరాకీ ఉండేది సుప్రభాతానికో, తొలి దర్శనానికో బయలుదేరేవారు స్నానం చేసే అర్ధరాత్రి దాటిన వేళల్లో. పగలు వేడెక్కిన నీరు తెల్లవారే వరకు వేడిగా నిలవాలంటే ట్యాంకు ఇన్సులేషన్ మందంగా ఉండాలి. పలకల సంఖ్య గురించి బేరమాడేవారు ఈ ఇన్సులేషన్ గురించి అడగడం మరచిపోతారు.

మన బోరు నీటి స్వభావం రెండో విషయం. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా గార కట్టే నీరు హీటరు గొట్టాల లోపల కూడా అలాగే పేరుకుంటుంది. అలాంటి నీరున్నచోట బోరు నీరు పలకల్లోకి నేరుగా వెళ్లని హీట్ ఎక్స్‌ఛేంజర్ రకం కొనడం మేలు. ధర కొంత ఎక్కువైనా మాటిమాటికీ గొట్టాలు శుభ్రం చేయించే బాధ తప్పుతుంది. మూడో విషయం, మనకు ముసురు పట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. చలికి వేడినీళ్లు ఎక్కువ కావలసిన రోజులూ అవే. ఆ రోజుల కోసం ట్యాంకులో కరెంటు హీటింగ్ ఎలిమెంట్ ఉంచుకోవాలి. మేడ మీద నీడ పడే లాడ్జిలకు హీట్ పంపు మరో దారి. గాలిలోని వేడిని లాగి నీటికి ఇచ్చే ఈ యంత్రం మామూలు గీజరు తినే కరెంటులో దాదాపు మూడో వంతుతో అదే పని చేస్తుంది.

నీళ్లు

కల్యాణి డ్యాం, తెలుగు గంగ నీళ్ల మీద ఆధారపడిన ఊరు మనది, ఎండాకాలంలో ట్యాంకరు ధర ఎలా ఉంటుందో వ్యాపారులకు వేరే చెప్పనవసరం లేదు. చిన్న ఆర్‌ఓ యంత్రాలు ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా వదిలేస్తాయి. ఆ వదిలిన నీటిని ఒక డ్రమ్ముకు మళ్లిస్తే నేల తుడవడానికి, మరుగుదొడ్లకు సరిపోతుంది. పళ్లాలను నడిచే కుళాయి కింద కాక మూడు తొట్లలో వరుసగా కడిగించడం, కుళాయిలకు గాలి కలిపే జల్లెడ మూతులు బిగించడం, వీటికి పోలిక అవసరం లేదు, రెండూ చేయవలసినవే.

తడి చెత్త, వాడిన నూనె

తడి చెత్తకు మూడు దారులు: కార్పొరేషన్ బండికి వేరు చేసి ఇవ్వడం, దుకాణం దగ్గరే కంపోస్టు చేయడం, బయోగ్యాస్ పెట్టుకోవడం. తూకంలో మీ తడి చెత్త రోజుకు పది కిలోల లోపు తేలితే మొదటిదే చాలు. తిరుపతి చెత్తకు తూకివాకం దగ్గర శుద్ధి కేంద్రం ఉంది, మన వంతు పని వేరు చేసి ఇవ్వడమే. అందులో ఒక్క ప్లాస్టిక్ చట్నీ కవరు కలిసినా అవతల వేరు చేసేవారికి చేత్తో ఏరే పని పెరుగుతుంది. పెరడు ఉన్న మెస్సులకు కంపోస్టు బాగుంటుంది, అయితే సాంబారు, పెరుగు వంటి పలుచటి మిగుళ్లను ఎండుటాకులో, కొబ్బరి పీచో కలపకుండా వేస్తే వాసన, ఈగలు తప్పవు.

బయోగ్యాస్‌ను పాతిక కిలోలకు తక్కువ ఉన్నవారు ఆలోచించనక్కరలేదు. పాతిక కిలోల వంటింటి చెత్త నుంచి రోజుకు రెండున్నర ఘనపు మీటర్ల దాకా గ్యాసు రావచ్చు, అది సుమారు ఒక కిలో ఎల్‌పీజీకి సమానం, అంటే పందొమ్మిది రోజులకు ఒక సిలిండరు మిగులుతుంది. దానికి రోజూ చెత్త నలిపి వేసే మనిషి, ట్యాంకుకు స్థలం, బయటికి వచ్చే ద్రవాన్ని తీసుకునే తోట కావాలి. కల్యాణ మండపాలకు, పెద్ద హాస్టళ్లకు ఇది లాభం, సందులోని టిఫిన్ సెంటరుకు భారం. రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త వచ్చేవారు నిబంధనల ప్రకారం భారీ చెత్త ఉత్పత్తిదారుల లెక్కలోకి వస్తారు కనుక వారికి తమ తడి చెత్తను తామే చూసుకునే బాధ్యత అదనంగా ఉంటుంది.

బజ్జీలు, పూరీలు వేసిన నూనె విషయంలో ఎంపిక ఇంకా తేలిక. నూనెను మళ్లీ మళ్లీ కాచినప్పుడు అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు ఆ లెక్క పుస్తకంలో రాయాలి. నల్లబడిన నూనెను కాలువలో పోస్తే చల్లారి గొట్టాల్లో గడ్డకడుతుంది. తోపుడు బండివారికి తక్కువ ధరకు అమ్మితే అది మళ్లీ ఎవరి పళ్లెంలోకో వెళ్తుంది. ఇలాంటి నూనెను బయోడీజిల్‌కు తీసుకునే అధీకృత సేకరణదారులు లీటరుకు ఇంత అని డబ్బు ఇచ్చే కొంటారు. అయితే నాలుగైదు లీటర్ల కోసం ఎవరూ బండి పంపరు. ఒకే వీధిలోని నాలుగు హోటళ్లవారు కలిసి ఒకే చోట మూత గట్టిగా ఉన్న క్యాన్లలో పోసి పెట్టి, నిండగానే కబురు పెడితే వారు వచ్చి తీసుకెళ్తారు. క్యాను మీద ఎవరి నూనె ఎన్ని లీటర్లో రాసి ఉంచుకుంటే డబ్బు పంచుకునేటప్పుడు మాట తేడా రాదు.